మోంటానా రాంచ్‌లో దూడలకు ముద్రలు: పనికి వెళ్లే అతిథి తెలుసుకోవలసినవి

అమెరికాలోని మోంటానా రాష్ట్రం తూర్పు భాగంలో, మైల్స్ సిటీ పట్టణం నుంచి గంటకు పైగా మట్టి రోడ్డు మీద వెళితే వచ్చే ఒక కుటుంబ రాంచ్ (విశాలమైన మేత భూముల్లో పశువులను పెంచే క్షేత్రం) వారు, ఏటా మే నెలలో దూడలకు కాల్చిన ఇనుముతో ముద్రలు వేసే రోజుల్లో కొద్దిమంది అతిథులను డబ్బు తీసుకొని పనిలో చేర్చుకుంటారు. ఆ సేవ ఎలా ఉంది, ఇచ్చిన డబ్బుకు ఏం దక్కుతుంది, పశువుల మధ్య ఎన్నడూ పని చేయని మనవాళ్లు అక్కడ నెగ్గుకురాగలరా అన్నదే ఈ సమీక్ష. రాంచ్ పేరు రాయడం లేదు. వారు ప్రకటనలు ఇవ్వరు, ముందు వచ్చివెళ్లినవారి మాట మీదే కొత్తవారిని రానిస్తారు, పేరు బయట పెట్టవద్దని అడిగారు కూడా. అయినా ఇక్కడ రాసినవాటిలో చాలా విషయాలు, ఇలాంటి రాంచ్ దేన్ని ఎంచుకున్నా ముందుగా అడిగి తెలుసుకోవలసినవే.

నా తీర్పు మొదటే చెప్పేస్తాను. ఇది డబ్బుకు తగిన సేవ, అయితే సెలవు గడపడానికి కాదు, పని చేయడానికి వెళ్లేవారికి మాత్రమే. గుర్రపు స్వారీలు, చలిమంట పాటలు, కౌబాయ్ టోపీలతో ఫొటోలు అమ్ముకునే రాంచ్‌లు ఎల్లోస్టోన్ పార్కు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఇక్కడ ఆ హంగులేవీ లేవు. అతిథి రాకపోయినా ఆ రోజు ఆ పని జరిగి తీరుతుంది, వస్తే ఒక జత చేతులు ఎక్కువ ఉంటాయి, అంతే. డబ్బు ఇచ్చి మరీ పని చేయడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే సూటిగా చెప్పగల జవాబు నా దగ్గర లేదు కానీ, ఆ రోజు నాకు అప్పగించిన పని చూపించడం కోసం కల్పించినది కాదన్న ఎరుక ఇచ్చిన తృప్తి, ఇంతవరకు ఏ పర్యాటక సంస్థ టికెట్టులోనూ నాకు దొరకలేదు.

దూడలకు ముద్ర ఎందుకు వేస్తారో తెలియకుండా అక్కడికి వెళితే సగం పని అర్థం కాదు. మోంటానాలో పశువుల ముద్ర అలంకారం కాదు, చట్టం గుర్తించే యాజమాన్యపు ఆధారం. ప్రతి ముద్రనూ రాష్ట్ర పశుసంపద శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి, పదేళ్లకోసారి తిరగరాయించుకోవాలి. 2011లోనూ 2021లోనూ అలా తిరగ నమోదు జరిగింది. నమోదులో గుర్తు ఆకారం ఒక్కటే ఉంటే చాలదు, అది పశువు ఒంటి మీద ఎక్కడ పడాలో కూడా రాసి ఉంటుంది. ఎడమ పక్కటెముకల మీద ఉన్న గుర్తు ఒకరిదైతే, అదే గుర్తు కుడి తుంటి మీద ఉంటే మరొకరిది కావచ్చు. పశువు చేతులు మారాలన్నా, కౌంటీ (మన జిల్లా లాంటిది) పొలిమేర దాటాలన్నా ముద్రల తనిఖీ అధికారి వచ్చి చూసి కాగితం ఇవ్వాలి. 1886-87 నాటి భయంకరమైన చలికాలం బయళ్లలో విచ్చలవిడిగా మేసే మందలను తుడిచిపెట్టేదాకా అక్కడ కంచెలు తక్కువ, ఎవరెవరి పశువులో ఒకచోట కలిసి మేసేవి, వసంతంలో అందరూ కలిసి వాటిని తోలుకొచ్చి, తల్లి ఒంటి మీద ఏ ముద్ర ఉంటే దూడకూ అదే వేసేవారు. కంచెలు వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు, ఎందుకంటే వేల ఎకరాల మేత భూముల్లో పక్క మందలో కలిసిపోయే పశువూ, రాత్రిపూట లారీ ఎక్కించుకుపోయే దొంగా ఇప్పటికీ ఉన్నారు.

చెవిపోగు సరిపోదా అని నేనూ అడిగాను. మన దేశంలో పశువులకు పన్నెండు అంకెల పసుపు చెవిపోగు వేస్తున్నారు కాబట్టి ఆ ప్రశ్న మనకు సహజంగానే తోస్తుంది. అమెరికాలో కూడా 2024 నవంబరు 5 నుంచి, రాష్ట్రం దాటే పశువుల్లో కొన్ని వర్గాలకు, అంటే పాడిపశువులకూ, పద్దెనిమిది నెలలు దాటిన, విత్తులు తీయని ఎద్దులకూ ఆవులకూ, ఎలక్ట్రానిక్‌గా చదవగల చెవిపోగు తప్పనిసరి చేశారు. కానీ అది రోగం ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోవడానికి. చెవిపోగు కంపకు తగిలి చిరిగి పడిపోతుంది, కావాలంటే కత్తితో కోసెయ్యవచ్చు. తోలు మీది వాతను మాత్రం ఎవరూ తీసెయ్యలేరు. రాంచ్ పెద్దాయన ఈ సంగతి చెప్పడానికి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు, పాత ఆవును ఒకదాన్ని చూపించి, దాని చెవికున్న చీలికను వేలితో తాకి, తర్వాత పక్కటెముకల మీది గుర్తు మీద అరచేయి వేశాడు.

ఇక అసలు రోజు. తెల్లవారకముందే లేపుతారు. మే నెలలో కూడా తెల్లవారుజామున అక్కడి చలి ఎముకలు కొరుకుతుంది, మధ్యాహ్నానికి చొక్కా చేతులు మడుచుకుంటాం కనుక ఒకదాని మీద ఒకటి వేసుకొని ఒక్కొక్కటే విప్పుకునే బట్టలు తీసుకెళ్లడం మంచిది. గుర్రాల మీద వెళ్లి మందను దొడ్డిలోకి తోలుకొచ్చే పనిలో స్వారీ రానివారిని కలుపుకోరు, ఈ సంగతి వారి సమాచార పత్రంలో స్పష్టంగా ఉంది. దొడ్డిలోకి చేరాక తల్లులను ఒక్కొక్కటిగా బయటికి వదిలి దూడలను లోపల ఉంచేస్తారు. అప్పుడు మొదలయ్యే అరుపుల హోరు పని పూర్తయ్యేదాకా ఆగదు. కంచెకు అటు తల్లులు, ఇటు దూడలు. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. ఆ హోరును ఏ వీడియో కూడా ముందుగా మన చెవికి అలవాటు చేయలేదు.

ఆ రోజు చుట్టుపక్కల రాంచ్‌ల వాళ్లంతా వస్తారు. ఎవరికీ కూలి ఇవ్వరు. మీ పనికి మేము, మా పనికి మీరు అన్న లెక్క, మన పల్లెల్లో నాట్లప్పుడు ఒకరి చేలో ఒకరు చేసుకునే బదులు పని లాంటిదే. దీనివల్ల అతిథికి కలిగే లాభం పెద్దది. తాతల నుంచి పదేళ్ల పిల్లల వరకు, ఎవరి పని వారికి ఒంటబట్టిన మనుషులు చుట్టూ ఉంటారు, ఎవరిని చూసి నేర్చుకోవాలో వెతుక్కోనక్కరలేదు. నాకు దూడను పట్టుకోవడం నేర్పింది పన్నెండేళ్లు కూడా దాటని పక్క రాంచ్ అమ్మాయి. ఎంత మర్యాదగా నేర్పిందంటే, నా వయసును గానీ నా కొత్త బూట్లను గానీ చూసి ఒక్క నవ్వు కూడా నవ్వలేదు.

ఆ పట్టు ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారికి దక్కే ముఖ్యమైన పని అదే. గుర్రం మీదున్న మనిషి తాడు విసిరి దూడ వెనక కాళ్లు రెండూ ఉచ్చులో పడేలా చూసుకొని, తాడు కొసను జీను కొమ్ముకు చుట్టి, నడక వేగంతో దాన్ని నిప్పు దగ్గరికి ఈడ్చుకొస్తాడు. కింద ఇద్దరు సిద్ధంగా ఉండాలి. దూడను పక్కకు పడగొట్టాక, ముందువైపు మనిషి దాని మెడ మీద మోకాలు ఆనించి పైనున్న ముందు కాలును మోకీలు దగ్గర మడిచి పట్టుకుంటాడు. వెనకవైపు మనిషి నేల మీద చతికిలబడి, కింది కాలును తన బూటుతో ముందుకు తన్నిపెట్టి, పై కాలును రెండు చేతులతో తన ఛాతీ వైపు లాక్కుంటాడు. ఇందులో బలం కంటే కోణం ముఖ్యం. కాలు పూర్తిగా సాగి ఉన్నంతసేపు వంద కిలోల దూడ కూడా తన్నలేదు, కాస్త సందిచ్చారంటే గిట్ట మన మోకాలి చిప్పనే వెతుక్కుంటుంది. కొత్తవారు సాధారణంగా చేసేది, దూడ విదిలించగానే బెదిరి పట్టు సడలించడం. అలా సడలిస్తే మనకూ దెబ్బ, ముద్ర వేసేవాడి చేయి కదిలి దూడకూ దెబ్బ. అందుకే ఇక్కడ మొదటి గంట కొత్తవారిని వెనక కాలు దగ్గర కూర్చోబెట్టకుండా, ముందు కాలు దగ్గర అనుభవమున్న మనిషి పక్కనే ఉంచుతారు. ఈ ఒక్క జాగ్రత్త చూసే నేను ఈ రాంచ్‌కు మంచి మార్కులు వేస్తాను.

దూడ కింద పడ్డాక రెండు నిమిషాల్లోపే దాని పనులన్నీ అయిపోతాయి. ఒకరు టీకా వేస్తారు, ఒకరు ముద్ర వేస్తారు, కోడెదూడ అయితే ఒకరు చిన్న కత్తితో విత్తులు తీసేస్తారు. టీకాల్లో ఒకటి మన రైతులకు జబ్బవాపు పేరుతో తెలిసిన రోగంతో పాటు అదే కుదురుకు చెందిన మరికొన్నిటికి, ఇంకొకటి ఊపిరితిత్తుల రోగాలకు. తొడ కండలో కాకుండా మెడ మీది చర్మాన్ని గుడారంలా పైకి లాగి దాని కింద వేయాలి, లేకపోతే ఆ చోట మాంసం పాడవుతుంది. రెండో టీకాను కలిపాక ఎండ తగలనివ్వకూడదు, ఎక్కువసేపు ఉంచకూడదు, కనుక మంచుపెట్టెలో పెట్టి కొద్దికొద్దిగా కలుపుకుంటారు. టీకా వేసిన ప్రతి దూడ మీదా రంగు సుద్దతో ఒక గీత గీయాలి. మధ్యాహ్నం నుంచి నాకు ఆ పని అప్పగించారు. తేలికగా కనిపించే ఈ పనిలోనే ఎక్కువ శ్రద్ధ కావాలి, ఎందుకంటే హోరులో ఏ దూడకు వేశామో ఏ దూడకు వేయలేదో మరచిపోవడం నిమిషం పని.

ముద్ర వేసే ఇనుమును మాత్రం అతిథి చేతికి ఇవ్వరు. ఇస్తారనుకొని వెళ్లినవారు నిరాశపడతారు, నాతో వచ్చిన ఒకాయన ఆ సాయంత్రమంతా ముఖం ముడుచుకొని కూర్చున్నాడు. నా దృష్టిలో వారు చేసేదే సబబు. ఇనుము ఎర్రగా కాలి ఉండాలని మనం అనుకుంటాం కానీ, ఎర్రగా ఉంటే బొచ్చు అంటుకొని మంట లేస్తుంది, గుర్తు అలుక్కుపోతుంది. బూడిద రంగుకు వచ్చినప్పుడు తీయాలి, మూడు నుంచి అయిదు సెకన్లు మాత్రమే ఆనించాలి, గుర్తు అంచులన్నీ సమానంగా తాకేలా మణికట్టును కొద్దిగా అటూఇటూ ఒరిగించాలి. సరిగ్గా పడిన ముద్ర కొత్త జీను తోలు రంగులో ఉంటుంది. ఎక్కువైతే లోతైన పుండు, తక్కువైతే ఏడాది తిరిగేసరికి బొచ్చు కప్పేస్తుంది. రేపు తనిఖీ అధికారి చదవలేని ముద్ర రాంచ్‌కు ఆధారం కాదు, దూడకు అనవసరపు వాత మాత్రమే. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న చందంగా, ఒక రోజు టోపీ పెట్టుకున్నంత మాత్రాన ఆ ఇనుము పట్టుకునే అర్హత రాదు. దానికి బదులుగా ఇంటి పెద్దావిడ రాత్రి భోజనాల తర్వాత పాత ఇనుములన్నీ వరండాలో పరిచి గుర్తులు చదవడం నేర్పింది: ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి, బయటినుంచి లోపలికి. పక్కకు పడుకున్న అక్షరం 'లేజీ', కింద చంద్రవంక ఉంటే 'రాకింగ్', రెక్కలుంటే 'ఫ్లయింగ్', అడ్డగీత ఉంటే 'బార్'. నాకు రోజంతటిలోనూ బాగా నచ్చిన గంట అదే. దాన్ని వారి పత్రంలో ఒక్క ముక్క కూడా రాయకపోవడం ఆశ్చర్యం.

ఇప్పుడు లోపాలు. అన్నిటికంటే పెద్దది నొప్పి విషయం. కాలుతున్న బొచ్చు వాసన, ఆ పొగ, దూడ నాలుక బయటపెట్టి పెట్టే కేక, ఇవి అక్కడ ఉంటాయని ముందుగా ఎవరూ చెప్పరు. ఆవును తల్లిగా చూసే ఇళ్లలో పెరిగిన మనకు ఇది చిన్న విషయం కాదు. పైగా ఇవి పాడి కోసం పెంచే పశువులు కావు. పెయ్యల్లో కొన్నిటిని మందలో ఉంచుకుంటారు, మిగతావన్నీ చివరికి మాంసానికే పోతాయి. ఇది తెలిసీ వెళ్లడం వేరు, అక్కడికి వెళ్లాక తెలియడం వేరు. నన్ను కలచివేసింది వాత కంటే, నొప్పి తగ్గించే మందు ఏదీ ఇవ్వకపోవడం. పశువైద్యుడి చీటీతో మెలాక్సికామ్ మాత్రలు వాడే రాంచ్‌లు ఉన్నాయి. ఆ మందు పెద్ద ఖర్చు కూడా కాదు. అడిగితే పెద్దాయన కొడుకు, వచ్చే ఏడాది నుంచి కోడెదూడలకు ఇవ్వాలని ఆలోచిస్తున్నామన్నాడు. ఆలోచన మంచిదే, కానీ అతిథుల దగ్గర తీసుకునే డబ్బులో కొంత దానికి ఇప్పుడే పెట్టవచ్చు.

మంచు ముద్ర సంగతి కూడా అడిగాను. ద్రవ నైట్రోజన్‌లో గానీ, ఆల్కహాల్ కలిపిన పొడి మంచులో గానీ చల్లబరిచిన ఇనుముతో వేసే ఈ పద్ధతిని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డాక్టర్ కీత్ ఫారెల్ 1966లో అభివృద్ధి చేశాడు. రంగు కణాలు చచ్చి ఆ చోట తెల్ల బొచ్చు వస్తుంది, ఈ రాంచ్‌లో ఉన్నట్టి నల్ల ఆంగస్ పశువుల మీద అది దూరానికే కనిపిస్తుంది, నొప్పీ తక్కువ. కానీ బొచ్చు కత్తిరించాలి, ఇనుమును చాలా ఎక్కువసేపు ఆనించి ఉంచాలి, పశువు కదలకుండా బోనులో ఉండాలి. తాడుతో లాగి, రెండు నిమిషాల్లో వదిలేసే ఈ పద్ధతిలో అది ఇమడదు. వారి జవాబులో పస ఉంది, అయినా పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఒక్క మాట మాత్రం వారి పక్షాన చెప్పాలి: ముద్ర పడిన దూడను వదలగానే అది లేచి పరుగెత్తి తల్లిని వెతుక్కుంది, తల్లి ముందు దాన్ని వాసన చూసి తర్వాత పొదుగు ఇచ్చింది, సాయంత్రానికి అరుపులు చాలావరకు సద్దుమణిగాయి. పుండు మానడానికి మాత్రం వారాలు పడుతుంది.

రెండో లోపం తిండి. మాంసం తినేవారికి ఇక్కడి భోజనం పండుగ: పొద్దుటి నుంచి నెమ్మదిగా ఉడికిన ఎద్దు మాంసం, రొట్టెలు, బంగాళాదుంప సలాడ్, రకరకాల పళ్లతో చేసిన పైలు. పొద్దున తీసిన విత్తులను వేయించి పెట్టే వంటకం కూడా ఉంటుంది, వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. శాకాహారినని నేను ముందే రాసినా, బీన్స్‌లో పంది మాంసం ముక్కలు వేశారు. తెలిసి చేసిన తప్పు కాదు, బేకన్ లేని బీన్స్ ఆ వంటగదికి తట్టదు. మర్నాడు వేరుగా వండిపెట్టారు. మనవాళ్లు వెళ్లేటట్టయితే చింతపండు పులిహోర కట్టుకొని, ఒక చిన్న సీసాలో ఆవకాయ పెట్టుకొని వెళ్లడం మంచిది. ఆవకాయను రుచి చూసిన పెద్దాయన మాట్లాడకుండా నీళ్ల కూజా దగ్గరికి నడిచాడు, కానీ తిరిగి వచ్చి ఇంకొంచెం అడిగాడు. ఒంగోలు గిత్తల ఫొటో ఫోనులో చూపిస్తే, టెక్సాస్ బ్రాహ్మన్ పశువులకు వీటికి ఏమిటి సంబంధమని అడిగారు. ఆ జాతిని రూపొందించడానికి వాడిన మన పశువుల్లో అవి కూడా ఉన్నాయని చెప్పాక, నన్ను పశువుల ఊరి మనిషిగా లెక్కేయడం మొదలుపెట్టారు. నిజానికి మా ఇంట్లో గేదె కూడా లేదు.

బస విషయంలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాత పనివాళ్ల ఇల్లు, శుభ్రమైన పడకలు, వేడినీళ్లు. ఫోను సిగ్నల్ ఇంటి వెనక దిబ్బ ఎక్కితే దొరుకుతుంది. రేటు, వేసవిలో ఎల్లోస్టోన్ దగ్గర మంచి హోటల్ గదికి అయ్యేదానికంటే రోజుకు ఎక్కువే, కానీ మూడు పూటల భోజనం అందులోనే. చేతి తొడుగులు ఇస్తారు, బూట్లు మనవే. ప్రమాదం జరిగితే బాధ్యత అతిథిదేనని మనచేత సంతకం చేయించుకుంటారు, ఆ కాగితాన్ని నిదానంగా చదవండి, ఆరోగ్య బీమా కార్డు వెంట ఉంచుకోండి, ధనుర్వాతం టీకా వేయించుకొని చాలా ఏళ్లయితే వెళ్లేముందు మళ్లీ వేయించుకోండి. నడుము నొప్పి ఉన్నవారు దూడ పట్టే పని వద్దని ముందే చెప్పేస్తే సుద్ద గీత పనో, టీకా పనో ఇస్తారు, అందులో చిన్నతనమేమీ లేదు.

తేదీల గురించి ఒక హెచ్చరిక. తడిసిన బొచ్చు మీద ఇనుము పెడితే ఆవిరికి చర్మం ఉడికి గుర్తు చెదిరిపోతుంది, కనుక వాన పడితే పని వాయిదా పడుతుంది. డబ్బు వాపసు ఇవ్వరు, తర్వాతి ఆరిన రోజుకు మారుస్తారు. విమానం టికెట్లు బిగించుకొని వచ్చినవారికి ఇది ఇబ్బంది. నాతో ఉండవలసిన ఒక జంట అలాగే పని చూడకుండా తిరిగి వెళ్లింది. ఈ నిబంధనను బుకింగ్ సమయంలోనే పెద్ద అక్షరాల్లో చెప్పవలసింది. బిల్లింగ్స్ విమానాశ్రయం నుంచి కారు అద్దెకు తీసుకొని, అటూఇటూ రెండు మూడు రోజులు వెసులుబాటు ఉంచుకుంటే మంచిది.

చిన్నపిల్లలు ఉన్నవారికీ, జంతువు నొప్పిపడటం చూడలేనివారికీ నేను ఈ రాంచ్‌ను సూచించను. వారు రాష్ట్రం అవతలి కొసన డీర్ లాడ్జ్‌లో ఉన్న గ్రాంట్-కోర్స్ రాంచ్‌కు వెళ్లవచ్చు. 1866లో కాన్రాడ్ కోర్స్ కొన్న ఆ రాంచ్‌ను 1972 నుంచి జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు, ప్రవేశం ఉచితం, పాత ఇనుములూ జీనులూ కొట్టాలూ తీరిగ్గా చూడవచ్చు. పని చేయాలనే ఉన్నవారు మాత్రం ఈ కుటుంబానికి చలికాలంలోనే రాయాలి, ఎందుకంటే దూడలు పుట్టడం మొదలయ్యాక వారికి ఉత్తరాలు చూసే తీరిక ఉండదు. శాకాహారులైతే ఆ సంగతి ఒకసారి రాసి ఊరుకోకుండా, బీన్స్‌లో కూడా మాంసం వద్దని విడిగా రాయండి.